ట్రంపెట్ మాస్టారి పళ్ళు

మా వంటగది బల్ల,
జూన్ 9

అన్నయ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం, మీ బావగారి నడుము తప్ప. ఇరవై ఏళ్ళుగా బస్సు నడిపినా ఏమీ కాని నడుము, అటక మీంచి ఒక్క పెట్టె దించేసరికి పట్టేసింది. ఆ పెట్టె నీదే. ఊరు మారేటప్పుడు "ఉండనీ" అని మా ఇంట్లో పడేసి పోయిన నీ ట్రంపెట్.

ఇంటికి రంగులు వేయిస్తున్నాం కాబట్టి అటక ఖాళీ చేశాం. పెట్టె తెరిచి, గుడ్డతో తుడిచి, ఊరికే ఊది చూశాను. మొదటి రెండుసార్లు గాలే వచ్చింది. మూడోసారి గేదె అరిచినట్టు ఒక శబ్దం. ఈయన మంచం మీద నుంచి "ఏమిటే అది!" అని లేవబోయి మళ్ళీ పడ్డారు.

నేను చెప్పాలనుకున్నది గేదె గురించి కాదు. ఆ శబ్దానికి అరలో స్టీలు గ్లాసులు మోగాయి. నా నోటికీ ఆ అరకీ మధ్య ఆరడుగులు. నేను వాటిని ముట్టుకోలేదు. నా సంగతి నీకు తెలుసు కదా, పంతొమ్మిదేళ్ళుగా పళ్ళ సెట్ల ల్యాబులో ప్లాస్టరు దవడల మధ్య కూర్చుని, మిల్లీమీటర్లు కొలిచి, చేతికి తగిలిందే నమ్మే మనిషిని. నలభై నాలుగేళ్ళొచ్చాయి. నా ఊపిరి అంత దూరం పోయి పని చేస్తుందని ఇప్పటిదాకా నాకు తెలీదు.

నేర్చుకుంటాను. నవ్వకు. నీ ట్రంపెట్ వాడుకోవచ్చా? మాస్టారిని ఎలా వెతకాలి? నీ పాత బ్యాండువాళ్ళు ఎవరైనా ఈ ఊళ్ళో ఉన్నారా?

నీ చెల్లెలు


పంపుహౌసు, పగటి షిఫ్టు,
జూన్ 21

చిన్నీ,

మధ్యలో నువ్వు ఫోను చేశావట. ఇక్కడ మూడు పంపులు నడుస్తుంటే నాకు నీ మాట వినపడదు, నేను మాట్లాడితే నీకు తిట్టినట్టుంటుంది. ఉత్తరమే నయం.

ట్రంపెట్ వాడుకో. తిరిగి ఇవ్వక్కర్లేదు. మూడు మీటలకీ పల్చటి నూనె వెయ్యి, వంటనూనె మాత్రం వద్దు. పెదవులకి ఆనించే గిన్నెలాంటి ముక్కని మౌత్‌పీస్ అంటారు, దాన్ని వేణ్ణీళ్ళలో కడుగు. గొట్టం అంచున సొట్ట ఉంటుంది, అది శబ్దానికి అడ్డం కాదు.

మాస్టారి విషయం. బోర్డు చూసి వెళ్ళకు. వెళ్ళిన చోట ముందు ఆయన్నే ఒక స్వరం వాయించమను. వాయించలేనివాడు, వాయించనివాడు నీకు వద్దు. పరీక్ష అదొక్కటే.

పాత బ్యాండువాళ్ళు ఎవరూ లేరు. బ్యాండుని ఎత్తేసి చాలా ఏళ్ళయింది.

ఈ వయసులో నీకిదేం పిచ్చి అంటోంది మీ వదిన. అంటూనే పక్కింటావిడకి గొప్పగా చెప్పుకుంటోంది.

అన్నయ్య


ల్యాబు, మూడో అంతస్తు,
జూలై 14

అన్నయ్యా,

నాలుగు చోట్ల తిరిగాను. లెక్క రాస్తున్నాను.

ఒకటి, సంగీత పరికరాల దుకాణం. పదిహేనేళ్ళ లోపువాళ్ళకే నేర్పుతారట. "మీ అమ్మాయినో అబ్బాయినో పంపండి మేడం" అన్నారు. లేరంటే, "అయితే మేనకోడల్ని" అన్నారు. రెండు, ఒక కుర్రాడు. బాగా వాయించాడు, నీ పరీక్ష నెగ్గాడు. కానీ నేను ఊదుతున్న గంటసేపూ ఫోను చూసుకున్నాడు. మూడు, బ్యాండుమేళం నడిపే ఒకాయన. "ఆడవాళ్ళకి పిల్లనగ్రోవి బాగుంటుందమ్మా, మొహం ఉబ్బదు" అన్నాడు. రోజుకి ఎనిమిది గంటలు జనం నోళ్ళతో పని చేసేదాన్ని, నాకు మొహాల గురించి చెప్పాడు.

నాలుగో ఆయన ఇస్త్రీ షాపు మీద గదిలో ఉంటారు. షాపతనే చెప్పాడు, "పైన ఒక మాస్టారున్నారు, కానీ ఆయన వాయించగా నేను వినలేదు" అని. అరవై ఆరేళ్ళు, పొడుగు మనిషి. మాట్లాడేటప్పుడు నోటికి జేబురుమాలు అడ్డం పెట్టుకుంటారు. నీ పరీక్ష పెట్టాను. "నేను వాయించను" అన్నారు. లేచి వచ్చేద్దామనుకున్నాను. అంతలో ఆయన పెట్టె తెరిచారు. గొట్టం అంచున ఆ సొట్ట మీద బొటనవేలితో తడిమారు.

"ఎవరిదమ్మా?"

"మా అన్నయ్యది."

"ఎక్కడున్నాడు?"

"వేరే ఊళ్ళో, పంపుహౌసులో పని."

"వాయించడం లేదా?"

"పెదవి దెబ్బతిందని మానేశాడండీ."

"ఊఁ" అన్నారు. పెట్టె మూసి, "బుధవారం, ఆదివారం. పొద్దున పది" అన్నారు.

మొదటి రోజు ట్రంపెట్ ముట్టుకోనివ్వలేదు. గోడకి చిన్న కాగితం ముక్క ఆనించి, చెయ్యి తీసేసి, కిందపడకుండా ఊపిరితో పట్టుకోమన్నారు. నా కాగితం రెండు సెకన్లు నిలిచింది. తర్వాత ఆయన ఊదారు. గడియారం చూశాను. ఇరవై ఆరు సెకన్లు. కాగితం మేకు కొట్టినట్టు కదల్లేదు. ఆయన మెడలో ఒక్క నరం ఉబ్బలేదు.

మూడో పాఠానికి ట్రంపెట్ ఇచ్చారు. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు, నేను వెనక ఊదుతున్నాను. "ఎడమ భుజం దించండి" అన్నారు. నిజంగానే ఎత్తి పెట్టాను! తిరిగి చూడలేదన్నయ్యా. భుజం చప్పుడు చేస్తుందా? చేస్తుందట.

నువ్వు వద్దన్న రకం మాస్టారే. కానీ నాకు ఈయనే కావాలి.

చెల్లి


పంపుహౌసు,
ఆగస్టు 30

చిన్నీ,

ఆలస్యమైంది. రెండో పంపు మోటారు మార్చారు, తీరిక లేదు.

ఆయన దగ్గర మానెయ్యి. వాయించని మనిషి దగ్గర ఎంతకాలం నేర్చుకుంటావు? నది అవతల కాలనీలో ఒక రిటైర్డు టీచరున్నాడని విన్నాను, అడ్రసు కింద రాశాను.

నా గురించి ఇంకేమైనా అడిగారా?

అన్నయ్య


మా వంటగది బల్ల,
అక్టోబరు 25

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆరు వాక్యాలు. అందులో ఒక్కటే నిజంగా అడిగింది, ఆఖరుది. లేదు, అడగలేదు. నది అవతలి అడ్రసుకి వెళ్ళి చూశాను. అక్కడ టైర్ల గోడౌను ఉంది. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ రాలేదు.

పాఠాల సంగతి. ఇప్పుడు అయిదు స్వరాలు వస్తాయి, అందులో మూడింటినే స్వరాలని మాస్టారు ఒప్పుకుంటారు. ఈయన నేను సాధన చేసే అరగంట బజారుకి వెళ్ళొస్తున్నారు. మా ఇంట్లో కూరగాయలు ఎప్పుడూ ఇంత తాజాగా లేవు.

కానీ మొన్న ఆదివారం మాస్టారు ఒక మాట అన్నారు. ఒక స్వరం మీంచి పై స్వరానికి తెగకుండా జారడం నేర్పుతున్నారు. నాకు రావడం లేదు. నాలుగు వారాలుగా రకరకాలుగా చెప్పారు, నీళ్ళంటారు, తాడంటారు. ఆఖరికి కుర్చీలో కూర్చుని, "ఇక్కడిదాకా మాటలతో తేవచ్చమ్మా. ఇక్కణ్ణుంచి వినాలి. నేను వినిపించలేను. ఏడాది చివరికల్లా వేరే మాస్టారిని చూసుకోండి" అన్నారు. అంటూ నోటి మీంచి జేబురుమాలు తీసేశారు. మొదటిసారి.

పైన నాలుగు ముందుపళ్ళు లేవు. వాటి బదులు ఎవరో చేసిన కట్టుడుపళ్ళ ప్లేటు, వేలితో నొక్కితే ఊగుతుంది. పన్నెండేళ్ళయిందట. మౌత్‌పీస్ ఆనిస్తే ప్లేటు వెనక్కి పోతుంది, గాలి పక్కనుంచి పోతుంది. మూడుసార్లు ప్రయత్నించి వదిలేశారట.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆ ప్లేటు చేసినవాడి మీద. తినడానికీ నవ్వడానికీ చేశాడు, ఊదడానికి చెయ్యలేదు. వెనక లోహపు ఊత ఇచ్చి, పక్క పళ్ళకి కొక్కేలు బిగిస్తే కదలదు. ఇది నా పని. మా డాక్టరమ్మ కొలత తీస్తానంది. మాస్టారు మొదట వద్దన్నారు. "మీకు నేర్పడం వచ్చు, నాకు పళ్ళు పెట్టడం వచ్చు. ఎవరి పని వాళ్ళం చేద్దాం" అన్నాను. ఒప్పుకున్నారు.

ఏడాది చివరంటే తొమ్మిది వారాలు.

చెల్లి


ల్యాబు,
నవంబరు 29

అన్నయ్యా,

సెట్టు చేశాను. నా పంతొమ్మిదేళ్ళలో అంత మంచిది చెయ్యలేదు. నాలుగు పళ్ళూ ఒక్క గీత మీద ఉన్నాయి, రంగు పక్క పళ్ళతో కలిసింది, వేలితో ఎంత నొక్కినా కదల్లేదు. డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసి, "దీన్ని షోకేసులో పెట్టాలి" అంది.

మాస్టారు మంచం కింద నుంచి తన ట్రంపెట్ తీశారు. వాయించారు. గాలి. పాము బుస కొట్టినట్టు గాలి, దాని వెనక ఎక్కడో సన్నగా స్వరం. పదిహేను రోజులు ప్రయత్నించారు. మొన్న సెట్టు తీసి నా చేతిలో పెట్టి, "చాలా అందంగా ఉన్నాయమ్మా. కానీ ఇవి నా పళ్ళు కావు. గాలి తప్పుచోట తగులుతోంది" అన్నారు.

అప్పుడు అర్థమైంది నేను చేసిన తప్పేమిటో. మా పనిలో పళ్ళు పెట్టడమంటే వరసగా పెట్టడమే. ఆయన పళ్ళు వరసగా ఉండేవా అని నేను అడగనే లేదు. ఇప్పుడడిగితే, "వంకరగా ఉండేవి. ఎలా వంకరో నేనెందుకు చూసుకున్నాను?" అంటున్నారు. పాత ఫోటోలు వెతికాం. నవ్వుతున్నది ఒక్కటీ లేదు. వాయిస్తున్నవాటిలో నోటికి మౌత్‌పీస్ అడ్డం.

ఒక గ్రూపు ఫోటో ఉంది. నగర బ్యాండు, రెండు వరసలు. బ్యాండుని నడిపించే మొదటి ట్రంపెట్ మాస్టారు. ఆయన కుడిపక్కన ఉన్నది నువ్వు.

ఎందుకు దాచావో అడగను. ఒక్కటే అడుగుతున్నాను. తొమ్మిదేళ్ళు పక్కన కూర్చున్నావు. ఆయన పళ్ళు ఎలా ఉండేవి?

ఇంకా నాలుగు వారాలే ఉన్నాయి.

చెల్లి


పంపుహౌసు,
డిసెంబరు 4

చిన్నీ,

మొదటి కాగితం పళ్ళ గురించి. రెండోది మిగతా దాని గురించి. రెండోది ఆయనకి చూపించాలో వద్దో నీ ఇష్టం.

పైవరస, ఆయన కుడి ముందుపన్ను. నిటారుగా లేదు, మెలితిరిగి ఉండేది. లోపలి అంచు ఎడమ పన్ను మీదికి ఎక్కేది, సుమారు వేలిగోరు మందం. దానివల్ల బయటివైపు, పక్క పన్నుతో, సందు ఉండేది. అగ్గిపుల్ల దూరేంత. ఆ పక్క పన్ను కొంచెం పొట్టి. ఎడమవైపు రెండూ మామూలే. మౌత్‌పీస్ నడిమధ్యన పెట్టేవారు కాదు, పిసరంత కుడికి. వెనక మేం నవ్వుకునేవాళ్ళం. పెన్సిలు బొమ్మ గీశాను. ఇరవైసార్లు చెరిపి గీసినది. ఇది సరైనదని రాసిస్తాను.

*

స్టేడియంలో పెరేడు. నడుస్తూ వాయిస్తూ, ఈల వినగానే వెనక్కి తిరగాలి. అందరూ కుడిభుజం మీదుగా తిరగాలి, అలాగైతేనే ఎవరి ట్రంపెట్ ఎవరికీ తగలదు. తొమ్మిదేళ్ళలో కొన్ని వేలసార్లు తిరిగి ఉంటాం. ఆ రోజు నేను ఎడమకి తిరిగాను. కారణం లేదు. ఆలోచన వేరే చోట ఉంది, అది ఎక్కడో కూడా గుర్తు లేదు.

ఆయన సరిగ్గానే కుడికి, నా వైపు తిరిగారు. ఎదురెదురుగా గొట్టాలు గుద్దుకున్నాయి. నాకు పెదవి చిట్లింది. నీకు మెట్ల మీద పడ్డానని చెప్పాను. ఆయనకి నాలుగు పళ్ళు పోయాయి. గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుని, ట్రంపెట్‌ని మాత్రం కింద పెట్టలేదు.

అధికారి వచ్చి అడిగితే, "కాలు జారింది" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆస్పత్రికి వెళ్ళలేదు. ఆరువారాల తర్వాత ఆయన బదులు నన్ను మొదటి ట్రంపెట్ చేశారు, చోటు మాత్రం మార్చలేదు. పద్నాలుగు నెలలు కూర్చున్నాను. రోజూ ఎడమపక్కకి చూసేవాణ్ణి, అక్కడ ఎవరో కొత్తవాడు. పెదవి ఎప్పుడో మానింది. మానేసింది నేనే.

ఆయన పేరు ఎత్తకుండా నిన్ను ఆయన దగ్గరికి పోనివ్వకుండా చెయ్యాలని చూశాను. నీకు సొట్ట గురించి రాసేటప్పుడు కూడా అది ఎలా పడిందో రాయలేదు.

అన్నయ్య


మా వంటగది బల్ల,
డిసెంబరు 30

అన్నయ్యా,

వరసగా రాస్తాను.

రెండు కాగితాలూ ఆయనకిచ్చాను. బొమ్మ ఉన్న కాగితం చాలాసేపు చూశారు. రెండోది ఒక్కసారే చదివారు. తర్వాత నవ్వారు. "వీడి చేతిరాత ఏమీ మారలేదు. ఈ అగ్గిపుల్ల మాత్రం అబద్ధం, సందు అంత లేదు. వీడు ఎప్పుడూ ఉన్నదానికి కొంచెం కలిపి చెప్పేవాడు" అన్నారు.

నేను, "మా అన్నయ్య ఎడమకి తిరిగాడని మీకు తెలీదా?" అన్నాను.

"ఎదురుగా మొహం వచ్చింది కదమ్మా. వీపు రావాల్సిన చోట."

"మరి ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే వాణ్ణి తీసేసేవాళ్ళు. నేనెటూ పోయాను. వాడూ పోతే మొదటి ట్రంపెట్‌కి ఇంకెవరున్నారు?"

అంత మామూలుగా చెప్పారు. మా ల్యాబులో ఫలానా అచ్చు పగిలింది, ఫలానాది వాడదాం అన్నట్టు. నోట్లోంచి రక్తం కారుతుండగా, గడ్డి మీద, ఒక మనిషి ఆ లెక్క వేశాడు.

తర్వాత ఆయనకి కోపం వచ్చింది. ఎందుకో విను. "పద్నాలుగు నెలలకే మానేశాడా? ఈయనగారి పెదవి మానిందా? అయితే నేను అబద్ధం చెప్పింది దేనికి? ఆ తిరుగుడు సంగతి వదిలెయ్యండి, మానేసినందుకు మాత్రం వాణ్ణి ఊరుకోను!" రుమాలు లేకుండా, బోసినోటితో, కింద ఇస్త్రీ షాపుకి వినపడేలా.

కొత్త సెట్టు మైనంలో మొదలుపెట్టాను. ఒక్క మాట నమ్ము, వంకరగా పెట్టడం తిన్నగా పెట్టడం కన్నా కష్టం. చెయ్యి దానంతటదే సరిచేసేస్తుంది. రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ తెలియకుండా తిన్నగా వచ్చేసింది. మూడోసారి కుదిరాక బల్ల మీద వదిలి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా పెద్ద టెక్నీషియన్ దాన్ని పట్టుకుని, "ఎవరిదీ పని? కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చారా?" అని అరుస్తున్నారు. "నాదే, ముట్టుకోకు" అన్నాను. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన్ని ఏకవచనంలో పిలిచాను.

మైనంలోనే మాస్టారి నోట్లో పెట్టి చూశాం. "ఇంకొంచెం మెలి" అన్నారు. అర మిల్లీమీటరు తిప్పాను. "ఇంకొంచెం." ఇంకో పావు. అప్పుడు ఆయన నాలుకతో తడిమి చూసుకుని, కళ్ళు మూసుకున్నారు. అక్కడే ఆపాను.

నిన్న ఆదివారం గట్టి సెట్టు పెట్టుకున్నారు. పది గంటల పది నిమిషాలు. మౌత్‌పీస్ పిసరంత కుడికి పెట్టుకున్నారు, నువ్వు రాసినట్టే.

నేను నీకు వాస్తవాలే రాస్తాను. ఒక్క స్వరం. గట్టిగా కాదు. మొదలైనట్టు తెలీలేదు, ఉన్నట్టు తెలిసింది. ముప్పై ఒక్క సెకన్లు. కింద ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది. వీధిలో ఎవరో "ఉండు, ఉండు" అనడం వినపడింది. నా అరచేయి బల్ల మీద ఉంది, ఆ చెక్కలోంచి స్వరం చేతిలోకి వచ్చింది. తర్వాత ఆ స్వరం మీంచి పై స్వరానికి జారారు. నాలుగు వారాలు నీళ్ళని, తాడని చెప్పినది అదేనని అప్పుడు తెలిసింది. నీళ్ళూ కాదు, తాడూ కాదు. దానికి మాట లేదు. ఆయన అన్నది నిజమే, వినాలి.

ఆయన మౌత్‌పీస్ తుడిచి, "మీ వంతు" అన్నారు. ఊదలేకపోయాను. పెదవులు కలవలేదు. "సరే, ఏడవడం అయ్యాక ఊదండి. బుధవారం మామూలే" అన్నారు. వేరే మాస్టారి ఊసు ఎత్తలేదు.

మెట్ల దాకా వచ్చి నాతో, "వాణ్ణి రమ్మనండి. క్షమాపణ ఏమీ పట్టుకు రావద్దనండి" అన్నారు.

చెల్లి


రైల్లో,
ఫిబ్రవరి 12

చిన్నీ,

రాత కుదురుగా లేదు, పెట్టె ఊగుతోంది. స్టేషన్లో నువ్వు అడిగితే ఏమీ చెప్పకుండా ఎక్కేశాను. ఎదురుగా చెప్పలేనిది రాస్తున్నాను.

మాస్టారి గదిలోంచి నువ్వు టీ తేవడానికి కిందికి వెళ్ళావు. నేను దారంతా సిద్ధం చేసుకున్న మాటలు మొదలుపెట్టాను. మూడో మాటకి ఆయన చెయ్యెత్తి ఆపేశారు.

"ట్రంపెట్ తీసుకో" అన్నారు. తీసుకున్నాను. ఆయనా తన ట్రంపెట్ తీసుకుని, కుర్చీ, మడతమంచం గోడకి జరిపారు. గది మధ్య నిలబడి, కుడిపక్క చూపించారు. వెళ్ళి నిలబడ్డాను. ఇద్దరం ట్రంపెట్లు పైకెత్తాం. ఆయన మౌత్‌పీస్ పెదవులకి ఆనించారు. నువ్వు చేసిన పళ్ళ మీద. నేను ఆనించలేకపోయాను. "ఆనించు" అన్నారు. ఆనించాను.

"ఈల లేదు. నేను కాలు నేల మీద కొడతాను" అన్నారు.

పంపుహౌసులో పదేళ్ళుగా మూడు యంత్రాల మధ్య తిరుగుతున్నాను, ఏది ఎటు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నా కుడిచెయ్యి ఏదో ఆ క్షణాన తెలీలేదు. ఇది నిజం. ఇక ఆయన వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. ముందుకి, గోడకేసి చూస్తున్నారు. నేను ఎటు తిరుగుతానో చూసుకోవడం లేదు, చిన్నీ. పళ్ళు కాపాడుకోవడానికి ఒక్క అంగుళం కూడా పక్కకి జరగలేదు.

కాలు కొట్టారు.

కుడికి తిరిగాను. ఆయనా తిరిగారు. రెండు గొట్టాలూ ఒకే వైపు వెళ్ళాయి, వాటి మధ్య మూరెడు ఖాళీ అలాగే ఉంది. ఇద్దరం కిటికీకి ఎదురుగా ఉన్నాం.

"మళ్ళీ" అన్నారు.

పన్నెండుసార్లు తిరిగాం. ఎనిమిదోసారికి ఆయనకి ఆయాసం వచ్చింది, అయినా ఆపలేదు. పదోసారి నుంచి నేను ఆలోచించకుండా తిరిగాను. పన్నెండోసారి మధ్యలో నువ్వు తలుపు తోసుకుని వచ్చి, మూడు గ్లాసులు పట్టుకుని నిలబడి, "ఏం చేస్తున్నారు మీరిద్దరూ?" అన్నావు.

ఆయన ట్రంపెట్ దించలేదు. "పాఠం" అన్నారు.

అన్నయ్య